ఆది గౌను

మా ఇంట్లో కుట్టుమిషన్ ఆగిందంటే ఎవరైనా పోయి ఉండాలి, లేదా అమ్మవారు వచ్చి ఉండాలి. ఇంకే కారణానికీ అది ఆగేది కాదు. పండగపూట కూడా మా ఆయన ఓ కాలరైనా తిప్పి కుడితే గాని పీట మీద కూర్చునేవాడు కాదు. అందుకే ఆ ఏడు ఎండలు ముదరకముందే మిషన్ మీద పాత దుప్పటి కప్పి, సూదులన్నీ రేకుడబ్బాలో వేసి, కత్తెరను అటకెక్కించినప్పుడు నాకు దిక్కు తోచలేదు. ఏ చప్పుడూ అడ్డం లేని ఇంట్లో రోజంతా మా అత్తతో ఎలా వేగాలా అన్నది నా మొదటి దిగులు. పాప గురించిన దిగులు ఆ తరవాత వచ్చింది.

పాపకు తట్టు పోసింది. నడక వచ్చి, మాటలు వచ్చి, నా మాటకు ఎదురు చెప్పడం కూడా వచ్చిన వయసు దానిది. అందులో అచ్చం నా పోలికే అని మా అత్త అంటుండేది. అది మెచ్చుకోలు కాదని నాకు తెలుసు.

యుద్ధం నడుస్తున్న రోజులవి. అమీర్‌పేట అప్పటికి పట్నం కాదు. పట్నం పోయొస్తామని చెప్పి మరీ బయలుదేరేవాళ్ళం. మట్టిగోడల ఇళ్ళు, వాటి వెనక జొన్నచేలు, పంజగుట్ట దాకా కంకర రోడ్డు, దూరంగా ఎర్రమంజిల్ వైపు గుట్ట మీద పెద్దవాళ్ళ మేడలు. మా అత్తవాళ్ళది నేతగాళ్ళ ఊరు. మగ్గం కూడు పెట్టడం మానేశాక కొడుకును వెంటబెట్టుకుని ఇక్కడికి వచ్చింది. ఆమె కొడుకు దర్జీ అయ్యాడు, ఆ దర్జీకి నన్నిచ్చి చేశారు.

ఆ మేడల్లోని బేగంలకు కుట్టేది మా ఆయనే. కానీ ఒక్క బేగం మొహం కూడా ఆయన చూసిన పాపాన పోలేదు. పరదా వాళ్ళు కదా, మగ దర్జీ టేపు పట్టుకుని దగ్గరికి వెళ్ళడమన్న మాటే లేదు. పనిమనిషి వచ్చి కొత్త బట్టతో పాటు ఒంటికి సరిగ్గా పట్టిన పాత కుర్తానో, జాకెట్టో ఇచ్చి పోయేది. కొలతకు ఇచ్చే ఆ పాత బట్టనే ఆది అంటాం. ఆ ఆదిని పరిచి, చేత్తో తడిమి, సుద్దతో గీసి, ఎన్నడూ చూడని మనిషికి వేలెడు తేడా రాకుండా కుట్టి పంపేవాడు మా ఆయన. మా అత్త ఆ ఆది బట్టల్ని నేల మీద పెట్టనిచ్చేది కాదు. కాలు తగిలితే కళ్ళకద్దుకునేది. "ఆది వచ్చిందంటె మనిషి వచ్చి కూసున్నట్టే," అనేది. బేగంలు మన ఇంటికి వచ్చి కూర్చుంటే చాపలు సరిపోవు అని నేను ఎగతాళి చేసేదాన్ని.

తట్టు విషయంలో మాత్రం ఆమెను ఎగతాళి చేసే ధైర్యం మా వాడలో ఎవరికీ లేదు. ఎవరింట్లో పిల్లలకు ఒళ్ళు ఎర్రబడినా మొదట ఆమెకే కబురు వచ్చేది. గుమ్మానికి వేపమండలు కట్టించేది. పోపు పెట్టొద్దనేది. బయటివాళ్ళు గడప తొక్కొద్దనేది. సూది బట్టలో దిగకూడదు, కత్తెర ఆడకూడదు. మందుమాకు ముట్టుకోకూడదు. పొక్కులు మాడి, పొట్టు రాలి, వేపాకు నీళ్ళతో పసుపు రాసి నెత్తి మీది నుంచి స్నానం పోశాకే అమ్మ వెళ్ళినట్టు. అప్పుడు వేపచెట్టు కింద ఉన్న పోచమ్మ తల్లి దగ్గరికి పెరుగన్నం తీసుకుపోయి సాగనంపి వస్తే ఇల్లు మళ్ళీ ఇల్లవుతుంది. అంతవరకూ పిల్ల మన పిల్ల కాదు, అమ్మ కూర్చున్న పీట.

అంతకుముందు రెండు నెలల్లో వాడలో చాలామంది పిల్లలకు తట్టు వచ్చి పోయింది. మా పక్కింటామె కొడుకు మాత్రం పోయాడు. ఆమె మా ఆయన కుట్టిన షేర్వానీలకు కాజాలు కుట్టేది. కాజా కుట్టడంలో ఆమె చేయి తిరిగినట్టు ఇంకెవరి చేయీ తిరగదని మా ఆయన అంటే నాకు కోపం వచ్చేది, ఎందుకంటే అది నిజం. ఒక్కగానొక్క కొడుకు. తట్టు తగ్గి, వాడు లేచి కూర్చుని అటుకులు అడిగాడని ఆమె మా గోడ మీది నుంచి సంతోషంగా చెప్పింది. మళ్ళీ జ్వరం కాసింది. ఊపిరాడక దమ్ము వచ్చింది. అమ్మ తిరగబెట్టిందని, ఇంకా గట్టిగా నియమం పాటించాలని మా అత్త చెప్పింది. పక్కింటామె అన్నీ పాటించింది. ఉప్పు కూడా మానేసింది. అయినా పిల్లవాడు దక్కలేదు. "అమ్మ మనసుపడ్డది, తీస్కపోయింది," అని మా అత్త అంటే, ఆమె తలూపింది. కళ్ళలో నీళ్ళు కూడా లేవు, ఎండిపోయి ఉన్నాయి.

ఇప్పుడు మా పాప వంతు వచ్చింది.

మొదట అంతా అందరికీ జరిగినట్టే జరిగింది. కళ్ళు ఎర్రబడ్డాయి, ముక్కు కారింది, చెవుల వెనక మొదలై ఒళ్ళంతా పోసింది. మా అత్త పాప పక్క దిగలేదు. వేపరెమ్మతో విసురుతూ, కొబ్బరినీళ్ళు చెంచాతో పడుతూ, దురద పెడితే ఆకులతో నిమురుతూ కూర్చుంది. ఆమె నాకు నచ్చకపోవచ్చు గాని, అంత ఓపిక నాకు లేదని అప్పుడే ఒప్పుకున్నాను. జ్వరం దిగింది. ఒంటి మీద ఎరుపు నలుపు తిరిగి పొట్టు లేచింది. పాప లేచి కూర్చుని బెల్లం అడిగింది. స్నానం పోసి సాగనంపుదామని మా అత్త మంచి రోజు చూసింది.

ఆ రోజు రాకముందే పాప మళ్ళీ పడుకుంది.

పొద్దున ఒళ్ళు పట్టుకుంటే కాలిపోతోంది. దగ్గు మారింది. అంతకుముందు దగ్గితే ఏడ్చేది, ఇప్పుడు ఏడవడానికి కూడా ఊపిరి చాలక మూలుగుతోంది. మిషన్ ఆగిన ఇల్లు కాబట్టి ఆ చప్పుడు ప్రతి మూలకూ వినిపించింది. వంటింట్లో నిలబడినా అదే, బావి దగ్గరికి పోయినా అదే. నేను మా అత్త మొహం చూశాను. ఆమె నా మొహం చూడలేదు. ఇద్దరికీ ఒకే పిల్లవాడు గుర్తొచ్చాడు.

"తానం పొయ్యకముందె అమ్మకు కోపమొచ్చింది," అని గొణుక్కుంది. "ఏం తప్పు జరిగిందో. నువ్వేమన్న పోపు వెట్టినవా?"

"మీ ఇంట్ల నూనె చూసి ఎన్ని దినాలైంది, పోపు యాడికెళ్ళి పెడ్త?" అన్నాను.

మా ఆయన అంగీ తొడుక్కుని వెళ్ళిపోయాడు. ఎటు పోయాడో అడిగే తీరిక నాకు లేదు. తిరిగొచ్చేసరికి వెంట డాక్టర్ సాబు ఉన్నాడు. పంజగుట్టలో ఉండే ముసలాయన. ఆయన కోట్లు మా ఆయనే కుట్టేవాడు. పేదవాళ్ళ ఇంటికి కూడా జట్కా కట్టించుకుని వస్తాడని పేరు. అమ్మవారున్న ఇంటికి డాక్టర్‌ను తీసుకురావడమంటే మా ఆయనకు ఎంత కష్టమో నాకు తెలుసు. కత్తెర పట్టుకుంటే ఎవరి మాటా వినని మనిషి, తల్లి ముందు నోరెత్తడు. ఆ రోజు కూడా నోరెత్తలేదు, మనిషిని మాత్రం తీసుకొచ్చాడు.

మా అత్త గుమ్మానికి అడ్డంగా నిలబడింది. డాక్టర్ సాబు గుమ్మానికి కట్టిన వేపమండలు చూసి అరుగు మీదే ఆగాడు.

"నేను లోపలికి రాను అమ్మా. మీ ఇల్లు, మీ రివాజు. జర బిడ్డను దర్వాజ తాన వెలుతురుల పండవెట్టుండ్రి. చాలు."

నేను పాపను చాప మీద గుమ్మం దగ్గరికి తెచ్చాను. అంగీ పైకెత్తమన్నాడు. ఆయన అరుగు అంచున గొంతుక్కూర్చుని, చేయి పెట్టకుండా, చాలాసేపు చూశాడు. ఆయన చూసినవి మాకూ చూపించాడు. ఊపిరి పీల్చినప్పుడల్లా ముక్కుపుటాలు ఎగురుతున్నాయి. పక్కటెముకల కింద గుంత పడుతోంది. పెదవులు నీలం తిరుగుతున్నాయి. అవన్నీ నా కళ్ళెదుటే ఉన్నాయి, నేను దగ్గు మాత్రమే విన్నాను.

"తట్టు తిరగవెట్టింది సాబ్," అంది మా అత్త.

"తట్టు పోయిందమ్మా. పెయ్యి మీద చూడుండ్రి, పొట్టు రాలుతుంది. గిది వేరే జబ్బు. నిమోనియా. గీ పురుగు కొత్తగ యాడికెళ్ళో రాలే. మీ గొంతుల, నా గొంతుల ఎప్పటికి ఉంటది. మంచిగున్నన్ని దినాలు దాన్ని లోపలికి పోనియ్యం. తట్టు వచ్చి లోపలి పొరంత గీరి పోయింది. దర్వాజ బార్లా తెరిచి పోయిందనుకోండ్రి. గిది దూరింది."

నాకు ఒళ్ళు మండింది. ఈ మాట ముందే చెప్పేవాళ్ళు ఎవరూ లేకపోయారే అనిపించింది. "తట్టు ఉన్నప్పుడె మందిస్తె గీ తిప్పలు లేకపోవుగద సాబ్?" అన్నాను.

"తట్టుకు నా తాన మందు లేదు బిడ్డా. ఎవల తాన లేదు. అప్పుడు పిలిచినా మీ అత్తమ్మ చేసిందే నేను చెప్తుంటి. చల్లగ ఉంచుడు, నీళ్ళు తాపుడు, వేరే పిల్లలను రానియ్యకుంట చూసుడు." సంచిలోంచి కాగితం పొట్లం తీశాడు. "గివి సల్ఫా బిళ్ళలు. తట్టును ఇవి ముట్టనే ముట్టవు. దాని వెనక వచ్చినదాన్ని పడగొడ్తయి. లడాయి వల్ల బజార్ల దొరుకుతలేవు, నా తాన కొన్ని ఉన్నయి. సగం బిళ్ళ నూరి తాపుండ్రి. నాలుగు గంటలకోసారి. నీళ్ళు మస్తు తాపాలె, లేకుంటె మూత్రం బంద్ అయితది. పొద్దు గూకకముందె మొదలువెట్టుండ్రి. రేపటిదాక ఆగితె నేను వచ్చినా ఒకటే, రాకున్నా ఒకటే."

మా అత్త చేతులు కట్టుకుంది. "అమ్మను సాగనంపకుండ మందెట్ల ముట్టిస్తం సాబ్? తానం పోసినంకనే ఏదన్న."

"తానమంటే?"

"యాపాకు నీళ్ళు. నెత్తి మీదికెళ్ళి."

డాక్టర్ సాబుకు మొదటిసారి కోపం వచ్చింది. "గీ హాలత్‌ల నెత్తిన నీళ్ళు పోస్తరా? బిడ్డను చంపుతరా?"

"గందుకే పోస్తలేను గద సాబ్," అంది మా అత్త.

ఆయన పొట్లం అరుగు మీద పెట్టి, ఇంకో ఇంట్లో ఇంకో బిడ్డ ఎదురుచూస్తున్నదని చెప్పి జట్కా ఎక్కాడు. గాలికి ఎగిరిపోకుండా మా ఆయన ఆ పొట్లం మీద ఇస్త్రీపెట్టె పెట్టాడు. పొట్లం గడప అవతల, పాప గడప ఇవతల. మధ్యలో మా అత్త.

చదివేవాళ్ళకు నా మీద కోపం రావచ్చు. చేయి చాపి పొట్లం తీసుకుని తాపేస్తే పోయేదానికి ఇంత బాధ ఎందుకు అని. తీసుకోవాలని రెండుసార్లు లేచాను. గడప దాకా పోయి ఆగాను. మా అత్త నన్ను ఆపలేదు, కూర్చుని చూస్తూ ఉంది, అంతే. నన్ను ఆపింది నా భయమే. నేనూ ఆ వేపమండల నీడలో పెరిగినదాన్నే. నాకు తట్టు పోసినప్పుడు మా అమ్మ కూడా ఇలాగే కూర్చుంది. డాక్టర్ చెప్పింది నిజమే కావచ్చు, కాని నిజం కాకపోతే? నా చేత్తో తాపిన మందు మింగి నా బిడ్డ పోతే నేను ఎవరికి మొహం చూపించను?

మధ్యాహ్నం పక్కింటామె వచ్చి అరుగు మీద కూర్చుంది. లోపలికి రాలేదు. పాపను చూసి చూపు తిప్పుకుంది.

"అమ్మకు అడ్డం పోకు చెల్లె," అంది మెల్లగా. "నేను పోలే. పోయింటె, నా చెయ్యి వడి పోయిండని జిందగంత కుములుదును. ఇప్పుడు గా బాధ ఒక్కటన్న లేదు నాకు."

ఆమె మంచికే చెప్పింది. కానీ ఆమె మోస్తున్న ఓదార్పు నాకు అక్కర్లేదు. నాకు బిడ్డ కావాలి. ఆమె లేచి వెళ్ళాక కూడా ఆమె కూర్చున్న చోటు వంక చూడలేకపోయాను.

ఎండ అరుగు మీది నుంచి వాకిట్లోకి జారింది. పాప ఇప్పుడు మూలగడం కూడా మానేసింది. ఊపిరి తీసుకోవడం ఒక్కటే దాని పని అయిపోయింది. పిలిస్తే కళ్ళు తెరిచి, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు చూసి మూసుకుంది.

"అమ్మా," అన్నాడు మా ఆయన. "ఒక్క మాట చెప్పు. నువ్వు ఊఁ అంటె చాలు."

"నా మాట కాదుర అది. నాది అయితె ఎప్పుడో చెప్పకపోదునా?" అంది మా అత్త. ఆమె కూడా ఏడుస్తోందని అప్పుడు చూశాను. ఆమె ఏడుపు చూస్తే నాకు జాలి రావాలి. ఒళ్ళు తెలియని కోపం వచ్చింది. ఎవరి మీద చూపించాలో తెలియక మొగుడి మీద పడ్డాను.

"ఒక్క బేగం పెయ్యి ముట్టకుండ ఇన్నేండ్లు కుట్టినవ్ గద! ఆది వస్తె మనిషి వచ్చినట్టేనని మీ అమ్మ నేల మీద సుత వెట్టనియ్యలే. గాళ్ళకైతె బట్ట చాలు. నా బిడ్డకే పెయ్యి మీద నీళ్ళు వడాలెనా? గా బేగంలకు మీ మీదున్న నమ్మకం సుత లేదా మీ పోచమ్మకు?"

అనేశాక నా నోరు నేనే మూసుకున్నాను. మీ పోచమ్మ అన్నాను, అదీ అమ్మ ఇంట్లో కూర్చుని ఉండగా. మా ఆయన మొహం పాలిపోయింది. మా అత్త లేచింది. చెంప పగలగొడుతుందనే అనుకున్నాను, కొట్టినా పడదామని కూడా అనుకున్నాను.

ఆమె నా వంక చూడలేదు. కొడుకు వంక తిరిగింది. "బిడ్డ ఆది యాడున్నది?"

"ఏ ఆది?"

"దాని గౌనుకు ఆదిర. సరిగ్గ పట్టిన గౌను. పచ్చది."

పాపకు ఒక పచ్చ గౌను ఉండేది. ఏదో బేగం కుర్తాలో మిగిలిన ముక్కలు కలిపి మా ఆయన కుట్టినది. ఒంటికి అతికినట్టు ఉండేది కాబట్టి దానికి ఏ గౌను కుట్టినా అదే ఆది. అది మా ఆయన మిషన్ వెనక మేకుకు వేలాడుతోంది. తీసిచ్చాడు. మా అత్త రెండు చేతులతో అందుకుని పెరట్లోకి నడిచింది.

నేను పాపను ఒళ్ళో పెట్టుకుని వెనక గుమ్మంలో కూర్చుని చూశాను. పొయ్యి మీద వేపాకు నీళ్ళు కాచి, దించి చల్లార్చింది. పీట కడిగి, ముగ్గు వేసి, గౌనును దాని మీద కూర్చోబెట్టింది. అవును, పెట్టలేదు, కూర్చోబెట్టింది. మెడ దగ్గర, భుజాల మీద, చేతుల కింద పసుపు రాసింది. చెంబుతో నీళ్ళు తీసుకుని మెడ పైనుంచి మెల్లగా పోసింది. పోస్తున్నప్పుడు ఎడమ చేయి గౌను మెడకు కాస్త పైన, గాలిలో, అడ్డం పెట్టింది. పిల్లలకు తల మీద నీళ్ళు పోసేటప్పుడు కళ్ళలో పడకుండా నుదుటి మీద చేయి అడ్డం పెడతామే, అలాగ. అక్కడ నుదురు లేదు. కానీ ఆమెకు ఉంది. నేను నవ్వేదాన్నే, ఇంకో రోజైతే.

తడి గౌనును పొడిబట్టలో చుట్టి చంకనెత్తుకుంది. ఇంకో చేత్తో పెరుగన్నం గిన్నె తీసుకుని ముందు గుమ్మంలోంచి బయటికి దిగింది. అరుగు దిగి నాలుగడుగులు వేసి, వెనక్కి తిరగకుండానే అరిచింది.

"గడప దాటింది. ఏం చూస్తున్నరు, మందియ్యుండ్రి!"

మా ఆయన ఇస్త్రీపెట్టె ఎత్తి పక్కన పడేసిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. బిళ్ళను సగానికి విరిచి, రెండు చెంచాల మధ్య నలిపి, తేనెలో రంగరించాం. మొదటిసారి పాప కక్కేసింది. ఎంత లోపలికి పోయిందో, ఎంత బయటికి వచ్చిందో తెలియదు. మా ఆయన్ని పక్కకు జరగమని తిట్టి, నేనే మళ్ళీ కలిపి, చెంప లోపలికి కొద్దికొద్దిగా జార్చాను. మింగింది. ఆ వెనకే నీళ్ళు, చెంచా తరవాత చెంచా. వాకిట్లో ఎండ ఇంకా ఉంది.

మా అత్త వట్టి చేతులతో తిరిగొచ్చింది. సాగనంపిన బట్ట తిరిగి తేకూడదు. గౌనును పోచమ్మ దగ్గరి వేపకొమ్మకు కట్టి వచ్చింది. కాళ్ళు కడుక్కుని, లోపలికి వచ్చి, నా చేతిలోని చెంచా లాక్కుని, నీళ్ళు తాపే పని తను తీసుకుంది.

మరుసటి పొద్దున డాక్టర్ సాబు వచ్చి అలవాటుగా అరుగు దగ్గరే ఆగాడు. "ఇగ రా సాబ్, అమ్మ పోయింది," అంది మా అత్త. ఆయన జోళ్ళు విడిచి గడప దాటాడు. వీపుకు గొట్టం పెట్టి విన్నాడు. ఏమీ చెప్పలేదు. బిళ్ళలు ఆపొద్దని మాత్రం అన్నాడు. ఆ మరునాడూ అంతే. ఏమీ చెప్పకుండా వెళ్ళిపోయే డాక్టర్ అంటే ఎంత భయమో, పడినవాళ్ళకు తెలుస్తుంది.

ఆ తరవాత ఒక తెల్లవారుజామున, కూర్చునే కునుకు తీసిన నేను ఉలిక్కిపడి లేచాను. ఇల్లు చప్పుడు లేకుండా ఉంది. అన్నాళ్ళుగా చెవుల్లో మోగుతున్న ఆ ఊపిరి వినిపించలేదు. వంగి మొహం దగ్గర మొహం పెట్టాను. పాప ఒళ్ళంతా చెమట. జుట్టు తడిసి నుదుటికి అంటుకుంది. చప్పుడు లేని ఊపిరి, మామూలు పిల్లలు నిద్రపోయినప్పుడు తీసుకునే ఊపిరి, నా చెంపకు తగిలింది. నేను భోరున ఏడ్చాను. ఆ ఏడుపుకు మా అత్త గుండెలు బాదుకుంటూ లేచి వచ్చి, పాపను ముట్టుకుని చూసి, నన్ను బండబూతులు తిట్టింది. అంత తీయటి తిట్లు నేను మళ్ళీ వినలేదు.

తరవాతి ఏళ్ళలో తట్టు వచ్చిన ప్రతి ఇంటికీ మా అత్త వెళ్ళేది. వేపమండలు, పోపు, సూది, ఏ నియమమూ వదలలేదు. ఇంకొకటి చేర్చింది, అంతే. తట్టు దిగాక పిల్లల అంగీ పైకెత్తి పక్కటెముకల కింద చూసేది. గుంత పడుతుంటే "గిది అమ్మ కాదు, వెనక వచ్చింది," అని చెప్పి, పిల్ల అంగీకి స్నానం చేయించి, డాక్టర్ కోసం మనిషిని పరుగెత్తించేది. తట్టు ఉండగానే బిళ్ళలు కావాలని వచ్చినవాళ్ళను మాత్రం తిట్టి పంపేది. "అప్పుడె ఎందుకే, దానికి గవి పనిచెయ్యయి!" అని ఆమె అంటుంటే డాక్టర్ సాబు గొంతు వినిపించేది నాకు.

కానీ అదంతా తరవాతి మాట. పాప లేచి కూర్చున్న ఆ వారంలోనే ఇంకొకటి జరిగింది.

లేచి కూర్చోగానే పాప తన పచ్చ గౌను అడిగింది. లేదంటే ఊరుకోలేదు. కొత్తది కుడతానని మా ఆయన మిషన్ మీది దుప్పటి తీశాడు. సూదుల డబ్బా బయటికి వచ్చింది. మిషన్ తిప్పి చూశాడు, ఆ చప్పుడుకు ఇల్లు మళ్ళీ ఇల్లయింది. గుడ్డ పరిచి, సుద్ద పట్టుకుని, అలవాటుగా మేకు వైపు చేయి చాచి ఆగిపోయాడు. ఆది లేదు.

"టేపు వట్టి కొలువుర," అంది మా అత్త. "మనిషి ఉన్నది గద ఎదురుంగ."

మిషన్ చప్పుడు విని పక్కింటామె వచ్చింది. పని మొదలైంది కదా, కాజాలకు ఏమైనా ఉంటాయేమోనని. నేను లోపలికి రమ్మన్నాను. గుమ్మం పక్కన కూర్చుంది. పాపను నిలబెట్టి మా ఆయన ఛాతీ చుట్టూ టేపు చుట్టాడు. చిక్కిపోయిన ఒళ్ళు. చక్కిలిగింత పెడుతోందని అది మెలికలు తిరిగింది. పాప ఊపిరికి టేపు మెల్లగా బిగుస్తూ, వదులవుతూ ఉంది. మేమందరం దాన్నే చూస్తున్నాం. పక్కింటామె కూడా దాన్నే చూస్తోంది.

"అత్తమ్మా," అంది ఆమె. మా అత్తను ఆమె కూడా అలాగే పిలిచేది. "నా కొడుకుకు సుత తట్టు దిగినంకనే గద దమ్ము వచ్చింది?"

మా ఆయన టేపు వదిలేశాడు.

"ముక్కు మీ పాపకు కొట్టుకున్నట్టే కొట్టుకుండె. పక్కటెముకల కింద గుంత వడుతుండె. నేను చూసిన. వానికి వచ్చింది సుత డాక్టర్ సాబు చెప్పిన గా వెనకదేనా?"

మా అత్త మొహం చూశాను. ఉప్పు కూడా మానేయమని చెప్పిన మొహం అది. ఆమె లేచి వెళ్ళి పక్కింటామె పక్కన కూర్చుంది. తల నిమిరింది.

"కాదు బిడ్డా. వానిది అమ్మనే. మనసుపడి తీస్కపోయింది. నువ్వు చెయ్యాల్సింది అంత చేసినవ్."

పక్కింటామె నా వైపు తిరిగింది. "నువ్వు చెప్పు చెల్లె. అత్తమ్మకు నువ్వు భయపడవు. ఉన్నదున్నట్టు అంటవ్."

ఆ ఇంటికి కోడలిగా వచ్చిన నాటి నుంచి మా అత్త మాటకు ఎదురు చెప్పని రోజు నాకు లేదు. మా అత్త నా వంక చూసింది. ఆమె అలా నా వంక చూడడం అదే మొదటిసారి. అడుక్కుంటున్నట్టు చూసింది. ఎవరి కోసం అడుక్కుంటోందో, తన కోసమో పక్కింటామె కోసమో, నేను ఇప్పటికీ తేల్చుకోలేదు.

"అత్తమ్మ చెప్పిందే నిజం అక్కా," అన్నాను.

ఆమె తలూపింది. కుట్టాల్సినవి ఇమ్మంది. మా ఆయన ఒక షేర్వానీ ఇచ్చాడు. ఆమె సూదిలోకి దారం ఎక్కించబోయింది, ఎక్కలేదు. దారం కొస తడిపి మళ్ళీ ప్రయత్నించింది. మా అత్త ఆమె చేతిలోంచి సూది తీసుకుని, దారం ఎక్కించి, ముడి వేసి ఇచ్చింది.